తీసిన ముక్కల్లో లేదు

నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్ చేసి తీసేశారు. ఇంతే అయితే రాయడానికి కూర్చునేవాణ్ణి కాదు. వచ్చింది, వెతికితే దొరకలేదు, దొరకలేదంటే లేదనుకున్నారు, లేదంటే దేవుడు తీసేశాడని ఊరంతా చెప్పారు, ఆ తర్వాత అదే చోట దొరికింది. మధ్యలో నా ఇంట్లో, మా చర్చిలో జరిగిన తతంగం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆపరేషన్ తర్వాత దగ్గితే తుమ్మితే లోపలి బట్ట తడవడం ఇప్పుడిప్పుడే తగ్గింది కాబట్టి కాస్త కుదురుగా కూర్చుని రాయగలుగుతున్నాను. యాభై దాటిన మగవాళ్ళు చదవాలి. వాళ్ళకంటే ముందు వాళ్ళ భార్యలు చదవాలి, ఎందుకంటే మగవాళ్ళు ఈ విషయం చదవడానికి కూడా సిగ్గుపడతారని నాకు తెలుసు. నేనూ అలాంటివాణ్ణే.

ఎండలు మొదలైనప్పుడు

ఉద్యోగమంతా బొగ్గు కంపెనీ డ్రిల్లింగ్ క్యాంపుల్లో గడిచింది. గోదావరి ఒడ్డు పొడుగునా ఎక్కడ బొగ్గుందో చూడటానికి బోర్లు వేసే పని. రిటైరయ్యాక కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. నేను, నా భార్య సుగుణ. కూతురు లిల్లీ ఆదిలాబాద్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు.

రాత్రిళ్ళు మాటిమాటికీ లేవాల్సి వస్తుంటే షుగరేమో అనుకున్నాను. లిల్లీ ఫోన్లో తిట్టి రక్తపరీక్ష చేయించింది. పీఎస్ఏ అని ఒకటుందట, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేటు గ్రంథి నుంచి రక్తంలోకి వస్తుందట, అది ఉండాల్సినదానికంటే ఎక్కువుందన్నారు. అక్కణ్ణుంచి మొదలైంది. మొదటి డాక్టరు ఆ గ్రంథి అక్రోటు కాయంత ఉండాలి, మీది నిమ్మకాయంత అయిందన్నాడు. స్కానింగు తీసినాయన బత్తాయి అన్నాడు. నేను ఆసుపత్రికి వచ్చానా, పండ్ల మార్కెట్టుకు వచ్చానా అర్థం కాలేదు.

బయట కూర్చునే చోట ఇనుప కుర్చీలు వరసగా ఒకదానికొకటి బిగించి ఉంటాయి. వరసలో ఒకడు కాలు ఊపితే అందరం ఊగుతాం. అందరిదీ ఒకే రోగం, ఒక్కడూ నోరు విప్పడు. ఆడవాళ్ళే మాట్లాడుకుంటారు: మా ఆయనకు ధార సన్నగైంది, మా ఆయనకు మంట. మేము తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటాం. సిగ్గుతో చచ్చేంత పని అంటే అదే. గోదావరిఖని నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం నా ముఖం చూసి సంచిలోంచి బత్తాయి తీసి వలిచి సగం చేతిలో పెట్టింది. ఆ పండు పేరు అప్పటికే విని విసిగిపోయి ఉన్నా, తిన్నాను.

బయాప్సీ అన్నారు. వెనక దారిలో స్కానింగు గొట్టం పెట్టి, దాన్ని చూసుకుంటూ సూదితో పన్నెండు చోట్ల ముక్కలు తీస్తామన్నారు. ఎక్కడ గుచ్చాలో మీకెలా తెలుస్తుందని డాక్టర్ని అడిగాను. ఎక్కడుందో స్కానింగులో కనబడదు సార్, అందుకే వరసగా అన్ని వైపుల నుంచీ కొంచెం కొంచెం తీస్తాం అన్నాడు. ఆ మాట నాకు బాగానే అర్థమైంది. కొత్త చోట మేమూ అలాగే వరసగా బోర్లు వేసేవాళ్ళం.

పక్కకు తిరిగి మోకాళ్ళు పొట్టకు ఆనించి పడుకోమన్నారు. ముక్క తీసిన ప్రతిసారీ స్టాప్లర్ కొట్టినట్టు చప్పుడు. నొప్పి భరించలేనంత కాదు, కానీ ఆ చప్పుడు వస్తుందని తెలిసి ఎదురుచూడటం ఉంది చూశారూ, అది చెడ్డది. అక్కడి ఆయమ్మ ఎవరూ చెప్పకుండానే నా కాళ్ళ మీద దుప్పటి కప్పి, అయిపోయేదాకా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఇంటికొచ్చాక మూత్రం ఎర్రగా వస్తే నేను చచ్చాననే అనుకున్నాను. అది మామూలేనట. మామూలైతే ముందే గట్టిగా చెప్పొచ్చు కదా.

రిపోర్టు రోజు సుగుణ కూడా లోపలికి వచ్చింది. డాక్టరు కాగితం చూసి చాలా స్పష్టంగా చెప్పాడు.

"తీసిన ముక్కల్లో క్యాన్సర్ కనబడలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ రక్తం చూద్దాం. మరిచిపోవద్దు."

సుగుణ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పింది. లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట "క్యాన్సర్ లేదంట" అయింది. ఆటోలో లిల్లీతో మాట్లాడేటప్పుడు "ఏం లేదంట బిడ్డా" అయింది. ఇంటికొచ్చి చర్చి ఆడవాళ్ళకు ఫోన్లు చేసేసరికి "ఉండె, దేవుడు తీసేసిండు" అయింది. పక్కనే కూర్చుని వింటున్నాను. సరిచేయాలని నాకూ అనిపించలేదు. ఆ మాట చెవికి అంత హాయిగా ఉంది.

సాక్ష్యం

మాది మెథడిస్టు కుటుంబం, మా తాతల కాలం నుంచి. మాలో ఎవరైనా జబ్బు నుంచి లేచొస్తే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. అయ్యగారు, అంటే మా పాస్టరు, వచ్చి ప్రార్థన చేస్తారు, పాటలుంటాయి, బగారన్నం, మటన్ ఉంటాయి. తర్వాతి ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. దేవుడు మనకు ఏం చేశాడో అందరి ముందూ చెప్పడం. అది ఒకసారి చెప్పామంటే మాట ఇచ్చినట్టే.

మామూలుగా జబ్బు పడ్డవాడే చెబుతాడు. నేను మూత్రం సంగతి చర్చిలో ఎలా చెప్పను? సుగుణ లేచింది. ఆమె స్త్రీల సమాజానికి నాయకురాలు, మాట్లాడటం వచ్చు. మేము ఉపవాసమున్నామని, డాక్టర్లు క్యాన్సర్ అన్నారని, పన్నెండు సూదులు గుచ్చినా వాళ్ళకు ఏమీ దొరకలేదని, మనుషుల సూదులకంటే ముందే దేవుని చెయ్యి పోయి దాన్ని తీసేసిందని చెప్పింది. డాక్టర్లు క్యాన్సర్ అనలేదు, అనుమానం అన్నారు. నేను మగవాళ్ళ వైపు కూర్చుని పైన ఫ్యాను చూస్తున్నాను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. డోలక్ వాయించే ప్రకాశం ఆ తర్వాతి పాటకు చర్చి అదిరిపోయేలా వాయించాడు.

ఆ రోజు నుంచి నా ఒళ్ళు నాది కాకుండా పోయింది. మార్కెట్లో కూరగాయలు కొంటుంటే ఒకరు ఆపి, మీ సాక్ష్యం మా చెల్లెకు వాట్సాప్‌లో పంపినం అన్నారు. నా ప్రోస్టేటు గురించి జగిత్యాలలో మాట్లాడుకుంటున్నారని తెలిసి కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చేశాను.

వానాకాలం

మూడు నెలలన్నది నాలుగైంది. సుగుణ ఇక ఎందుకంది. లిల్లీ ఊరుకోలేదు. రక్తం ఇచ్చి వచ్చాను. పీఎస్ఏ తగ్గలేదు సరికదా, పెరిగింది. డాక్టరు ఎమ్మారై తీయించుకురమ్మన్నాడు. అందులో అనుమానపు చోటు కనబడితే దాన్ని గురి చూసి మళ్ళీ ముక్కలు తీయాలన్నాడు.

ఇంట్లో చెప్పాను. సుగుణ బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టేసింది.

"అందరి ముంగట దేవుని పేరు పెట్టి చెప్పిన. ఇప్పుడు పోయి మళ్ల సూదులు గుచ్చిచ్చుకుంటే నేను చెప్పింది అబద్ధమా, ఆయన చేసింది అబద్ధమా?"

డాక్టరు అన్న మాట అది కాదని చెప్పాను. నువ్వు అక్కడే ఉన్నవు గదా, అప్పుడెందుకు చెప్పలేదంది. తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఎక్కువ. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆమె ఏడవలేదు, మాట్లాడటం మానేసింది. వారం పాటు అన్నం గిన్నె బల్ల మీద పెట్టి పోయేది, నేను వడ్డించుకుని తినేవాణ్ణి. భయం ఒక పక్క, ఈ మౌనం ఒక పక్క. నన్ను ఏది ముందు చంపుతుందో తెలియలేదు.

చివరికి లిల్లీ ఫోన్లో తల్లిని అడిగింది. స్పీకర్ పెట్టి ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"అవ్వా, బాపు పోయినంక సాక్ష్యం ఎవలకు చెప్తవ్?"

సుగుణ ఫోన్ పెట్టేసి కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. పోదువు గానీ ఒక్కరికి కూడా తెల్వద్దంది. సరే అన్నాను.

ఎమ్మారై కరీంనగర్‌లోనే తీశారు. గొట్టంలోకి పంపించి కదలొద్దన్నారు. లోపల చప్పుడుకు చాలామంది హడలిపోతారట. నాకు మాత్రం బోరు మిషన్ పక్కన నిలబడ్డట్టే ఉంది, మొత్తం వైద్యంలో నాకు తెలిసినట్టు అనిపించింది అదొక్కటే. రిపోర్టులో ముందువైపు ఒక మచ్చ ఉందని వచ్చింది. పోయినసారి సూదులు వెనక నుంచి పోయాయి, ముందు భాగానికి అవి సరిగ్గా అందవట.

నాకు ఒక్కసారిగా రక్తం తలకెక్కింది. ఈ ఫొటో ముందే తీసి ఉంటే నన్ను అన్ని చోట్ల గుడ్డిగా గుచ్చేవారా అని అడిగాను. డాక్టరు తగ్గు గొంతుతోనే ఒప్పుకున్నాడు: ముందు ఎమ్మారై తీసుకోవడమే మంచిది సార్, మీకూ అలా చేయాల్సింది. అతను గొడవ పడితే బాగుండేది. ఒప్పుకున్నవాడితో ఏం పోట్లాడతాం? అందుకే చదివేవాళ్ళకు చెబుతున్నాను, సూది అనగానే, ముందు ఎమ్మారై అక్కర్లేదా అని అడగండి. అడిగితే ఎవరూ కొట్టరు.

చలికాలం

ఆ ఫొటోను స్కానింగు మీద కలిపి చూస్తూ ముక్కలు తీసే మిషన్ కోసం హైదరాబాద్ పొమ్మన్నారు. చర్చిలో మాత్రం ఆదిలాబాద్‌లో కూతురి దగ్గరికి పోతున్నామని చెప్పాం. అబద్ధం సుగుణే చెప్పింది, దేవుని పరువు కాపాడటానికి. తిరిగొచ్చాక ఆడవాళ్ళు ఆదిలాబాద్ చలి ఎట్లుంది అని అడిగితే, ఆమె లేని చలికి లేని శాలువ కప్పుకుని వర్ణించాల్సి వచ్చింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

హైదరాబాద్‌లో డాక్టరు ఆడమనిషి. మగవాళ్ళ ఈ జబ్బుకు ఆడ డాక్టరా అని నేను గోడ వైపు తిరిగాను. ఆవిడ పట్టించుకోకుండా తెర మీద బొమ్మ చూపించింది. మచ్చలోంచి కొన్ని ముక్కలు, మచ్చ చుట్టూ ఇంకొన్ని, తర్వాత పోయినసారిలాగే మిగతా భాగమంతా వరసగా. ఈసారి వెనక దారిలో కాదు, కాళ్ళ మధ్య చర్మంలోంచి, మత్తిచ్చి.

నేను ఊరుకోలేకపోయాను. "జాగ దొరికినంక మళ్ల అంతటా గుచ్చుడెందుకమ్మా? బొగ్గు పడ్డ కాడ బోరు ఆపుతం మేము."

"బొగ్గు ఎక్కడిదాకా ఉందో తెలుసుకోవడానికి చుట్టూ వేయరా మీరు?" అంది ఆవిడ. "ఫొటోలో మచ్చ అంచు ఉన్నదానికంటే చిన్నగా కనబడొచ్చు. అసలు ఫొటోకు కనబడనిది ఇంకో మూల ఉండొచ్చు. ఒక్క మచ్చకే గురి పెడితే అది తప్పిపోతుంది, గురి లేకుండా వెతికితే ఇది తప్పిపోయింది. మీకు కోపమొచ్చినా సరే, రెండూ తీస్తాను."

చుట్టూ వేస్తాం, నిజమే. ఇంత విడమరిచి చెప్పినవాళ్ళు అప్పటిదాకా ఒక్కరూ లేరు. మొదటిసారి ఎవరైనా ఇలా కూర్చోబెట్టి చెప్పి ఉంటే సగం గోల తప్పేదని నా ఉద్దేశం.

ఫలితం రావడానికి పట్టిన రోజులు లిల్లీకి తెలిసినవాళ్ళ ఇంట్లో ఉన్నాం. సుగుణ వాళ్ళ వంటిల్లు మొత్తం తోమింది. నేను వాళ్ళ టీవీ రిమోట్ విరగ్గొట్టాను, కావాలని కాదు.

మచ్చలోంచి తీసిన ముక్కల్లో ఉంది. దాని పక్కవాటిలోనూ ఉంది. మిగతావాటిలో కనబడలేదు. ఇంకో స్కానింగు చేసి, బయటికి పాకినట్టు లేదు, ఆపరేషన్‌కు టైము ఇంకా మించిపోలేదన్నారు. క్యాన్సర్ అన్న మాట విన్నాక నా చెవుల్లోకి ఇంకేం పోలేదు. సుగుణే డాక్టర్ని అడిగింది.

"అప్పుడు గూడ ఉండెనా ఇది? ఎండాకాలంల?"

"ఉండే ఉంటుందమ్మా. దొరకలేదంతే."

ఆవిడ మామూలుగానే అంది. సుగుణ కుర్చీ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడింది. కరీంనగర్ బస్సులో సిద్దిపేట దాటాక నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో బస్సులో అలా చేయడం అదే మొదలు. ఇద్దరం భయపడుతున్నామని అప్పుడు తెలిసింది. అప్పటిదాకా నేనొక్కణ్ణే అనుకున్నాను.

ఆపరేషన్‌కు ముందు

ఆపరేషన్ తేదీ తీసుకున్నాం. ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం చర్చి అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ప్రకాశం నా పక్కకు వచ్చాడు. కొత్తపల్లి వైపు మొక్కజొన్న వేస్తాడు, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. అటూ ఇటూ చూసి చెవి దగ్గర చెప్పాడు. అతనికీ రాత్రిళ్ళు లేవాల్సి వస్తోందట. పీఎస్ఏ నాకు మొదట వచ్చినదానికంటే ఎక్కువే ఉందట. డాక్టరు ఎమ్మారై, సూది రెండూ రాశాడట.

"సూదులొద్దన్న అన్నా. వదిన సాక్ష్యం విన్నంక నాకు ఫికరే లేదు. మీకు చేసిన దేవుడు నాకు చెయ్యడా?"

సుగుణ నా వెనకే ఉంది. విన్నది. నేను నోరు తెరవబోతే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ప్రకాశం దండం పెట్టి వెళ్ళిపోయాడు, ముఖం నిండా నవ్వు.

ఇంటికొచ్చి గేటు వేసీ వేయకముందే మొదలుపెట్టాను. ఒక మనిషి మన వల్ల చచ్చేటట్టున్నాడు, నీ దేవుడికి పరువు ముఖ్యమా అని అరిచాను. పక్కింటివాళ్ళు కిటికీ మూశారు. వాణ్ణి పొద్దున్నే పిలిచి నా రిపోర్టు ముఖాన కొడతానన్నాను. సుగుణ అంతా విని, నువ్వు చెప్తే నీకు విశ్వాసం లేదంటడు, ఇంకా గట్టిగ పట్టుకుంటడు అంది. అది నిజమే. అతను నమ్మింది నన్ను కాదు, ఆమెను.

తర్వాతి ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయానికి ఎవరో కొడుకుకు ఉద్యోగం వచ్చిందని చెప్పి కూర్చున్నారు. సుగుణ లేచింది. నాకు ముందుగా చెప్పలేదు. మాట్లాడటం వచ్చిన మనిషి, ఆ రోజు ముందు సీటు పట్టుకుని నిలబడింది.

"ఎండాకాలంల నేను చెప్పిన సాక్ష్యం వాపసు తీసుకుంటున్న. ఆయనకు క్యాన్సర్ ఉన్నది. గప్పుడు గూడ ఉండె. తీసిన ముక్కలల్ల లేదని డాక్టర్ చెప్పిండు, నేను అసలుకే లేదని చెప్పిన. దేవుడు అబద్ధమాడలే. నేను తెల్వక ఆయన పేరు పెట్టి చెప్పిన. మేము ఆదిలాబాద్ గూడ పోలే. నా మాట పట్టుకొని ఎవలన్న పరీక్షలు ఆపుకుంటే, ఆపకుండ్రి."

ప్రకాశం పేరు ఎత్తలేదు. కూర్చుంది. అయ్యగారు పాట ఎత్తుకున్నారు. పాట డోలక్ లేకుండా సాగింది. చూస్తే ప్రకాశం డోలక్ పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోతున్నాడు.

ఆ వారం మా ఇంటికి ఫోన్లు తగ్గాయి. స్త్రీల సమాజంలో ఒకావిడ సుగుణతో, అట్ల వాపసు తీసుకునుడు ఎన్నడు చూడలేదని అన్నదట. అయ్యగారు ఒక్కరే వచ్చారు. సాక్ష్యం సంగతి ఎత్తకుండా టీ తాగి, నా తల మీద చెయ్యి పెట్టి, కోయబోయే డాక్టరు చెయ్యి వణకకూడదని ప్రార్థించి వెళ్ళారు. నేను ఎన్నో ప్రార్థనలు విన్నాను, అంత పనికొచ్చేది వినలేదు.

ఆపరేషన్‌కు హైదరాబాద్ బయలుదేరే రెండు రోజుల ముందు పొద్దున గేటు చప్పుడైంది. ప్రకాశం. చంకలో ఎమ్మారై కవరు. లోపలికి రమ్మంటే రాలేదు. నన్ను చూడకుండా సుగుణ వైపే తిరిగాడు.

"వదినా, ఎందుకు చెప్పినవ్? ఊకుంటే నేను నిశ్చింతగ ఉంటుంటి గదా."

"నిశ్చింతగ సస్తుంటివి," అంది సుగుణ.

ప్రకాశం కవరు చేతులు మార్చుకున్నాడు. మచ్చ కనబడిందట, ఇవాళ సూదికి రమ్మన్నారట, ఇంట్లో చెప్పకుండా వచ్చాడట. సుగుణ లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. నేను తిట్టుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళి ఆటో పిలుచుకొచ్చాను. ఎక్కబోతూ ప్రకాశం నా భుజం పట్టుకుని ఆగాడు.

"నొస్తదా అన్నా?"

ఏం కాదు, చీమ కుట్టినట్టు ఉంటుందని నాకు చెప్పారు. ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"నొస్తది," అన్నాను. "ఎక్కు."

ఎక్కాడు.